కణపుంజానికి ఒక్క అంకె చాలునా?

కణాలకు వేగం కల్పించే యంత్రాలను గురించి వార్త వచ్చినప్పుడల్లా అందులో రెండు అంకెలు తప్పక కనిపిస్తాయి. ఒకటి కణాల శక్తి, రెండవది పుంజంలో ప్రవహించే విద్యుత్తు. ఇన్ని ఎలక్ట్రాను వోల్టులు, ఇన్ని మిల్లీ ఆంపియర్లు అని చెప్పటంతో వార్త ముగుస్తుంది. యంత్రాన్ని నడిపేవారికి మాత్రం మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది: ఆ పుంజం ఎంత పొందికగా ఉన్నది? శక్తి, ప్రవాహం రెండూ సమానంగా ఉన్న పుంజాలలో ఒకటి యంత్రం పొడవునా గోడ తాకకుండా సాగిపోవచ్చు. మరొకటి దారిలోనే చెదరి యంత్రాన్ని పాడుచేయవచ్చు.

ఈ పొందికను తెలిపే కొలమానానికి ఎమిటెన్సు అని పేరు. పరిశోధన పత్రాలలో దీనిని సాధారణంగా ఒక్క అంకెగా ఇస్తారు. ఆ అంకె చిన్నదైతే పుంజం మంచిదని అర్థం. ఈ కొలమానం చాలా ఉపయోగకరమైనది, సందేహం లేదు. కాని ఆ అంకె ఒక్కటే పుంజం యోగ్యతను తెలుపుతుందా? కొలిచినవాని ఇష్టాయిష్టాలు అందులో ఏ మేరకు కలుస్తున్నవి? సూక్ష్మతరంగాలతో ప్రోటానులను పుట్టించే సాధనాలను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించవచ్చు.

ప్రోటానులు పుట్టే చోటు

ఎలక్ట్రానును పోగొట్టుకొన్న హైడ్రోజన్ పరమాణువే ప్రోటాను. దానిని తయారు చేయటానికి ఒక చిన్న లోహపు గదిలోకి కొద్దిగా హైడ్రోజన్ వాయువును వదిలి, సూక్ష్మతరంగాలను పంపుతారు. సెకండుకు 245 కోట్ల సార్లు స్పందించే ఈ తరంగాలు వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలో వాడేవే. గది చుట్టూ తీగచుట్టలను అమర్చి 875 గౌస్‌ల అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తారు. ఆ క్షేత్రంలో ఎలక్ట్రానులు సెకండుకు ఎన్నిసార్లు తిరుగుతాయో, తరంగాలు కూడా అన్నిసార్లే స్పందిస్తాయి. ఉయ్యాల వెనక్కు వచ్చిన ప్రతిసారీ సమయానికి తోసినట్లు, తరంగం ఎలక్ట్రానులకు శక్తిని అందిస్తూ పోతుంది. శక్తి పుంజుకొన్న ఎలక్ట్రానులు వాయువును ఢీకొని దానిని అయానులుగా విడగొడతాయి. ఈ అయానులు, ఎలక్ట్రానులు కలిసిన స్థితినే ప్లాస్మా అంటారు. గది గోడలో ఉన్న చిన్న రంధ్రం ఎదుట వేలకొలది వోల్టుల విద్యుత్ క్షేత్రాన్ని నిలిపితే ధనావేశం గల అయానులు పుంజంగా వెలుపలికి వస్తాయి. కాలిపోయే తీగ ఏదీ లోపల లేకపోవటం వల్ల ఇట్టి సాధనం చాలాకాలం నిరాటంకంగా పనిచేస్తుంది.

ఫ్రాన్సులోని సాక్లేలో 1990 దశకంలో నిర్మించిన సిల్హీ అనే సాధనం, అదే దశకంలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో లేడా యంత్రానికి అమర్చిన సాధనం ఈ జాతివే. స్వీడన్‌లోని లుండ్‌లో నిర్మిస్తున్న న్యూట్రాన్ కేంద్రానికి ఇటలీలోని కటానియా శాస్త్రజ్ఞులు ఇట్టిదే తయారు చేసి ఇచ్చారు. మన దేశంలో ముంబయి దగ్గర ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం లేహిపా అనే ప్రోటాను యంత్రాన్ని నిర్మించింది. సూక్ష్మతరంగ సాధనం నుంచి 50 వేల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో బయలుదేరే ప్రోటానులకు 2 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల వరకు శక్తి కల్పించటం దాని రూపకల్పన. ప్రోటాను యంత్రంతో నడిపే అణు రియాక్టరులో థోరియాన్ని ఇంధనంగా వాడవచ్చుననే దీర్ఘకాలపు ఆశకు ఇది మొదటి మెట్టు. థోరియం లభించే మోనజైటు ఖనిజం ఆంధ్ర తీరపు ఇసుకలో సమృద్ధిగా ఉన్నది. కాబట్టి ఈ పుంజాల మంచిచెడ్డలు తెలుగువారికి సంబంధం లేని విషయం కాదు.

ఎమిటెన్సు అంటే ఏమి?

గోదావరి కాలువలో లాకు తలుపు వైపుకు పడవలు వస్తున్నవనుకొందాం. ప్రతి పడవను గురించి రెండు సంగతులు తెలియాలి. కాలువ నడిమి గీతకు అది ఎంత దూరంలో ఉన్నది? దాని ముక్కు ఎటు చూస్తున్నది? నడిమి గీత మీదనే ఉన్నప్పటికీ ముక్కు పక్కకు తిరిగి ఉంటే, ఆ పడవ కొంత దూరం పోయి గట్టుకు తగులుతుంది. లాకు దాటాలంటే స్థానమూ సరిగా ఉండాలి, దిశా సరిగా ఉండాలి.

కణాల సంగతీ ఇంతే. ఒక గళ్ళ కాగితం మీద అడ్డగీత వెంబడి కణం స్థానాన్ని, నిలువుగీత వెంబడి దాని దిశను గుర్తిస్తే, ఒక్కొక్క కణానికి ఒక్కొక్క చుక్క వస్తుంది. చుక్కలన్నీ సాధారణంగా కోడిగుడ్డు ఆకారంలో గుమిగూడుతాయి. ఆ గుంపు ఆక్రమించిన వైశాల్యమే ఎమిటెన్సుకు మూలం. అయస్కాంత కటకంతో పుంజాన్ని సన్నగా చేయవచ్చు. కాని అప్పుడు దిశలలోని తేడా పెరుగుతుంది. దిశలను సమాంతరం చేయవచ్చు; కాని పుంజం లావవుతుంది. ఆదర్శమైన కటకం గుంపు ఆకారాన్ని మార్చగలదే గాని వైశాల్యాన్ని తగ్గించలేదు. లియూవిల్ సిద్ధాంతం చెప్పే సారాంశం ఇదే. పుట్టుకలో ఏర్పడిన చెదురును తరువాతి కటకాలు పోగొట్టలేవు కనుకనే పుట్టేచోటనే దానిని కొలవాలి.

కొలిచే పద్ధతి కూడా సులభంగానే బోధపడుతుంది. పుంజానికి అడ్డంగా సన్నని చీలిక గల పలకను ఉంచితే, ఒక స్థానంలోని కణాలు మాత్రమే దాటుతాయి. దాటినవాటిని కొంత దూరాన రెండవ చీలికతో వెదికితే వాటి దిశలు తెలుస్తాయి. 1983లో లాస్ అలమోస్‌కు చెందిన ఆలిసన్, ఆయన సహచరులు వర్ణించిన సాధనంలో రెండు చీలికల నడుమ రెండు విద్యుత్ పలకలు ఉంటాయి. పలకల మీది వోల్టులను మారుస్తూ పోతే ఒక్కొక్క దిశలోని కణాలు వంతులవారీగా రెండవ చీలికను దాటుతాయి. మరొక పద్ధతిలో బూందీ గరిటె వంటి చిల్లుల పలకను అడ్డుపెట్టి, వెనుకనున్న తెర మీద ఒక్కొక్క చిల్లు వేసే మచ్చ ఎంత విస్తరించినదో చూస్తారు. 50 వేల వోల్టుల దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల పుంజం 1500 వాట్ల శక్తిని మోస్తుంది. అందుచేత అడ్డుపెట్టే పలకలను నీటితో చల్లబరచాలి, లేదా పుంజాన్ని క్షణకాలపు తునకలుగా పంపాలి.

ఒకే పుంజం, నాలుగు అంకెలు

మొదటి ఆక్షేపణ మాటకు సంబంధించినది. ఒక పుంజంలో స్థానాల విస్తృతి 2 మిల్లీమీటర్లు, దిశల విస్తృతి 10 మిల్లీ రేడియన్లు అనుకొందాం. ఇవి సగటు వర్గాల మూలాలు, అంటే గణాంకశాస్త్రంలో ప్రామాణిక విచలనం అనేవి. గుంపు ఏటవాలుగా లేకపోతే రెండింటి లబ్ధం 20. శక్తి పెరిగినకొద్దీ దిశల తేడా దానంతటదే తగ్గుతుంది గనుక, వేర్వేరు శక్తుల పుంజాలను పోల్చటానికి ఈ అంకెను కణ వేగానికీ కాంతి వేగానికీ గల నిష్పత్తితో గుణిస్తారు. 50 వేల ఎలక్ట్రాను వోల్టుల ప్రోటానుకు ఆ నిష్పత్తి 0.0103. గుణిస్తే సుమారు 0.2 వస్తుంది. మంచి ప్రోటాను సాధనాలకు లక్ష్యంగా పెట్టుకొనే విలువ ఇంచుమించు ఇదే.

అయితే కొందరు సగటు విలువకు బదులు దానికి నాలుగు రెట్ల విలువను ఇస్తారు. అప్పుడు 20 కాస్తా 80 అవుతుంది, 0.2 కాస్తా 0.8 అవుతుంది. పై అనే 3.14 గుణకాన్ని కొందరు అంకెలో కలుపుతారు, కొందరు ప్రమాణంలో రాసి ఊరుకొంటారు. ఈ విధంగా ఒకే పుంజం 0.2 గాను, 0.8 గాను, 20 గాను, 80 గాను కనిపించగలదు. నిర్వచనం చెప్పకుండా అంకె మాత్రమే ఇచ్చినవారు కుంచం ఎంతదో చెప్పకుండా ఇన్ని కుంచాల ధాన్యమన్నవారితో సమానం.

గీత ఎక్కడ గీయాలి?

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. పుంజం ఎక్కడ ముగుస్తుంది? కొలిచే సాధనంలో పుంజం లేని చోట కూడా కొద్దిపాటి విద్యుత్ సంకేతం కనిపిస్తూనే ఉంటుంది. తీగలలోని రొద, చీలిక అంచుల మీద పడి చెదరిన కణాలు, పలకల నుంచి ఊడిన ఎలక్ట్రానులు దీనికి కారణాలు. ఇది చాలా స్వల్పమే. కాని ఎమిటెన్సు లెక్కలో దూరం వర్గమై వస్తుంది. నడిమికి దూరంగా ఉన్న స్వల్ప సంకేతం కూడా పెద్ద పాత్ర వహిస్తుంది.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క ఒకటి ఉన్నది. గంట ఆకారపు గౌస్ వక్రాన్ని అనుసరించే ఆదర్శ పుంజాన్ని తీసుకొందాం. ప్రామాణిక విచలనానికి పదిరెట్ల దూరం వరకు, నడిమికి ఇరువైపులా, స్థానాన్నీ దిశనూ పరిశీలించామనుకొందాం. ఆ వైశాల్యమంతటా గరిష్ఠ సంకేతంలో వెయ్యవ వంతు మాత్రమే దొంగ సంకేతం పరుచుకొని ఉంటే, లెక్కలో వచ్చే ఎమిటెన్సు అసలు విలువకు 2.9 రెట్లు అవుతుంది! పరిశీలించే దూరాన్ని పది నుంచి అయిదుకు తగ్గిస్తే అదే 1.11 రెట్లకు దిగుతుంది. పుంజంలో ఏ మార్పూ రాలేదు. మారినది కొలిచినవాడు తెరచిన కిటికీ వెడల్పు మాత్రమే.

ఈ బెడదను తప్పించుకోవటానికి, గరిష్ఠంలో ఇంత శాతం కంటె తక్కువ ఉన్న సంకేతాలను లెక్కలోకి తీసుకోము అని ఒక గీత గీస్తారు. అప్పుడు అపాయం రెండవ వైపు నుంచి వస్తుంది. అదే ఆదర్శ పుంజంలో, దొంగ సంకేతం ఏమీ లేకపోయినా, 1 శాతం దగ్గర గీత గీస్తే ఎమిటెన్సు 5 శాతం తగ్గుతుంది. 5 శాతం దగ్గర గీస్తే 16 శాతం తగ్గుతుంది. 10 శాతం దగ్గర గీస్తే పుంజంలో పదవ వంతు మాత్రమే పోతుంది గాని ఎమిటెన్సు 26 శాతం తగ్గిపోతుంది. గీతను కొంచెం పైకి జరిపితే చాలు, ఏ సాధనమైనా మెరుగైనట్లు కనిపిస్తుంది. ఇందులో మోసం చేయాలనే ఉద్దేశం ఉండనక్కరలేదు. మంచి అంకె వచ్చినచోట చేయి ఆగిపోవటం మానవ స్వభావం.

భీమవరం దగ్గరి శాస్త్రజ్ఞుడు, చాడ్విక్ పాఠం

కొలిచే సాధనం కొలిచిన సత్యాన్ని వంచగలదనటానికి భౌతికశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. రేడియో ధార్మిక పదార్థాల నుంచి వచ్చే బీటా కిరణాలను అయస్కాంతంతో వంచి ఫొటో పలక మీద పడవేసినప్పుడు స్పష్టమైన గీతలు కనిపించేవి. కాబట్టి ఈ కిరణాలు కొన్ని నిర్ణీత శక్తులతోనే వస్తాయని అనుకొన్నారు. 1914లో బెర్లిన్‌లో జేమ్స్ చాడ్విక్ ఫొటో పలకకు బదులు కణాలను లెక్కించే సాధనాన్ని వాడి చూశాడు. గీతలు స్వల్పమని, వాటి కింద పరుచుకొని ఉన్న అవిచ్ఛిన్న వర్ణపటమే ప్రధానమని తేలింది. పలక గీతలను పెద్దవి చేసి, వాటి వెనుకనున్న విస్తారమైన భాగాన్ని మరుగుపరచినది. తక్కిన శక్తి ఎక్కడికి పోతున్నదనే చిక్కును విడదీయటానికే 1930లో పౌలి న్యూట్రినో భావనను ప్రతిపాదించాడు. వెనుకనున్నది గదా అని కొట్టివేసిన భాగంలోనే కొత్త కణం దాగి ఉన్నదన్నమాట.

ఆ చాడ్విక్ తరువాత లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్నప్పుడు ఆయన వద్ద బీటా కిరణ వర్ణపటాలపై పరిశోధన చేసినవారిలో స్వామి జ్ఞానానంద ఒకరు. ఆయన 1896లో పశ్చిమ గోదావరిలో భీమవరం దగ్గర గొరగనమూడి గ్రామంలో జన్మించారు. పూర్వాశ్రమంలో ఆయన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యోగ సాధకుడుగా ఐరోపా వెళ్ళి, అక్కడ భౌతికశాస్త్రం వైపు మొగ్గి, ప్రాగ్‌లో ఎక్స్ కిరణాలపై, ఇంగ్లండులో బీటా కిరణాలపై కృషి చేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి అణుకేంద్ర భౌతికశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దారు. 1969లో పరమపదించారు. విశాఖపట్నంలోని అణు పరిశోధన శాలలు ఆయన పేరుతోనే ఉన్నవి. ఆయన ప్రోటాను యంత్రాలను నిర్మించినవారు కారు. అయినా కణాల గుంపును అయస్కాంతంతో వంచి, చీలికతో ఎంచి, వెనుకటి సంకేతం నుంచి అసలు సంకేతాన్ని విడదీసే విద్య ఆయనది. ఎమిటెన్సును కొలిచేవారికి కావలసిన విద్య కూడా అదే.

ఎవరి పుంజం, ఎక్కడి పుంజం?

జ్ఞానానంద గారి మరొక కృషి మూడవ ఆక్షేపణకు దారితీస్తుంది. 1947లో న్యూయార్కులో వెలువడిన ఆయన గ్రంథం హై వేక్యువా, అనగా అధిక శూన్యం, గాలిని తోడివేసే పద్ధతులను, మిగిలిన గాలిని కొలిచే పద్ధతులను వివరిస్తుంది. పుంజం పోయే గొట్టంలో ఎంత గాలి మిగిలినదనేది ఎమిటెన్సుకు అక్కరలేని విషయం కాదు.

ప్రోటానులన్నీ ధనావేశం గలవి. అవి ఒకదానినొకటి తోసుకొంటాయి. పుంజం గట్టిదైనకొద్దీ, నెమ్మదిగా పోయేకొద్దీ, ఈ తోపులాట ఎక్కువవుతుంది. గొట్టంలో మిగిలిన వాయువును ప్రోటానులు ఢీకొన్నప్పుడు ఊడిన ఎలక్ట్రానులు పుంజంలో చిక్కుకొని ఈ తోపులాటను చాలవరకు శాంతింపజేస్తాయి. సాక్లేలో గోబాన్ బృందం కావాలనే క్రిప్టాన్ వంటి బరువైన వాయువును కొద్దిగా వదిలి చూడగా ఎమిటెన్సు బాగా తగ్గినట్లు తేలింది. ఇది నిజమైన మెరుగుదలే. కాని ఈ ఘనత ప్రోటానులు పుట్టిన గదిదా, దారిలో వదిలిన వాయువుదా? కొలిచిన చోటును, అక్కడి వాయు పీడనాన్ని చెప్పకపోతే ఆ సంగతి తెలియదు. పైగా అధిక వాయువు కొన్ని ప్రోటానులకు ఎలక్ట్రానును తగిలించి వాటి ఆవేశాన్ని హరిస్తుంది. అవి పుంజానికి నష్టమే.

ఇంతేకాక సాధనం నుంచి వచ్చేవన్నీ ప్రోటానులు కావు. రెండేసి, మూడేసి హైడ్రోజన్ పరమాణువులు జతగూడిన అయానులు కూడా వాటితో కలిసి వస్తాయి. మంచి సూక్ష్మతరంగ సాధనంలో ప్రోటానుల వంతు 80 నుంచి 90 శాతం వరకు ఉంటుంది. బరువులు వేరు గనుక కటకాలలో ఈ జాతులు వేర్వేరుగా వంగుతాయి. వాటిని విడదీయకముందు కొలిచిన ఎమిటెన్సు ప్రోటానులది కాదు, కలగాపులగపు గుంపుది.

గట్టుకు పడ్డ గండి

ఇంత పట్టింపు ఎందుకని సందేహం రావచ్చు. 100 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల ప్రోటానులు 1 మిల్లీ ఆంపియరు ప్రవహిస్తే పుంజం శక్తి 10 లక్షల వాట్లు. యంత్రం గోడలు రేడియో ధార్మికమై, మరమ్మతుకు మనిషి దగ్గరకు పోలేని స్థితి రాకుండా ఉండాలంటే, మీటరు పొడవుకు 1 వాటుకు మించి పుంజం గోడకు తగలరాదని నిర్మాతలు నియమం పెట్టుకొన్నారు. అంటే మీటరుకు పది లక్షల్లో ఒక వంతు! అట్టి యంత్రానికి మొదటి మెట్టయిన పుంజాన్ని, అంచున ఉన్న 10 శాతం లెక్కలోకి తీసుకోకుండా కొలిచి మంచిదని చెప్పటం ఎంతవరకు సమంజసం? గోడకు తగిలేవి ఆ అంచు కణాలే. కాలువలో ఎన్ని క్యూసెక్కుల నీరు పోతున్నదని ఒక్కటే చూసి, గట్టున ఊట పుట్టినచోటు చూడకపోతే రాత్రికి రాత్రి గండి పడుతుంది. డెల్టా రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

అంచు కణాలన్నీ చివరి వరకు పోయి నష్టం చేస్తాయని కాదు. తక్కువ శక్తి దగ్గరనే వాటిని కొంతవరకు గీకివేసే ఏర్పాట్లు ఉంటాయి. ఆ ఏర్పాట్లు ఎంత ఉండాలో తెలియటానికైనా అంచును కొలవాలి గదా.

కొలమానాన్ని విడిచిపెట్టాలా?

అక్కరలేదు. 1971లో లపొస్తోల్, సాకరర్ విడివిడిగా చూపిన ఫలితం సగటు వర్గాల మూలపు విలువకు గట్టి ఆధారం. కణాల పంపకం ఏ ఆకారంలో ఉన్నా, కణాల తోపులాటను లెక్కలోకి తీసుకొని కూడా, పుంజం లావు ఎట్లా మారుతుందో చాలవరకు ఈ విలువలతోనే చెప్పవచ్చునని వారు నిరూపించారు. కాబట్టి పుంజం నడిమి భాగం నడవడికి ఈ అంకె నమ్మదగిన గుర్తు. అంచును గురించి కూడా ఇదే అంకె తీర్పు చెప్పాలని కోరటమే పొరపాటు.

గీత ఎక్కడ గీయాలనే చిక్కుకు కూడా మార్గం లేకపోలేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో స్టాక్లీ, ఆయన సహచరులు ఒక పద్ధతిని రూపొందించారు. గుంపు చుట్టూ ఒక దీర్ఘవృత్తాన్ని గీసి, దాని వెలుపలి సంకేతాల సగటును దొంగ సంకేతంగా భావించి లోపలి నుంచి తీసివేస్తారు. దీర్ఘవృత్తాన్ని క్రమంగా పెద్దది చేస్తూ పోతే, ఒక దశ దాటిన తరువాత జవాబు మారకుండా నిలకడగా ఉంటుంది. ఆ నిలకడ విలువనే స్వీకరిస్తారు. ఇందులో కొలిచేవాని ఇష్టానికి చోటు తక్కువ.

ఎమిటెన్సును ప్రకటించేవారి నుంచి పాఠకుడు కోరవలసినవి అయిదు: ఏ నిర్వచనం వాడారు, పుంజంలో ఎంత శాతం లెక్కించారు, ఏ చోట కొలిచారు, అక్కడి వాయు పీడనమూ ప్రవాహమూ ఎంత, ప్రోటానుల వంతు ఎంత. వీలైతే ఒక్క అంకెకు బదులు, పుంజంలో 50 శాతానికి ఇంత, 90 శాతానికి ఇంత, 99 శాతానికి ఇంత అని ఒక వక్రరేఖనే ఇవ్వాలి. అట్టి వక్రరేఖలో నడిమి భాగమూ, అంచూ రెండూ బయటపడతాయి.

ఉన్నత పాఠశాలలో ఈ యంత్రాలు లేవు. అయినా లోలకం డోలన కాలాన్ని పదిసార్లు కొలిచిన విద్యార్థి, తక్కిన వాటితో పొసగని ఒక విలువను కొట్టివేసి సగటు కట్టినప్పుడు, అతడు గీసినది కూడా అట్టి గీతే. కొట్టివేయటం తప్పు కాదు. ఎందుకు కొట్టివేసినాడో, దానితో సగటు ఎంత మారినదో పుస్తకంలో రాయించే ఉపాధ్యాయుడు ఆ విద్యార్థికి ఈ వ్యాసమంతటికంటె ఎక్కువ నేర్పినవాడవుతాడు.